తిక్కయ్య అడగని పాత ప్లేట్లు

ఎమ్మిగనూరు తిక్కయ్యకు ఒక పట్టుదల ఉండేది. బండి బాగుచేయించుకున్నాక మెకానిక్‌ను పాత సామాను అడిగేవాడు కాదు. లోకమంతా అడుగుతుంది. విప్పిన ప్లేట్లు, స్ప్రింగులు కాగితం మీద పెట్టి చూపిస్తేనే కొత్తవి వేసినట్టు నమ్ముతుంది. తిక్కయ్య మాత్రం "నాకేమిటికప్పా ఆ ఇనుము, నువ్వే పెట్టుకో" అని కిక్కు కొట్టి వెళ్ళిపోయేవాడు.

దానికి కారణం మగ్గం. ముప్పై ఏళ్ళు కూలికి నేశాడు. షావుకారు నూలు తూచి ఇచ్చేవాడు, నేసిన బట్ట తూచి తీసుకునేవాడు, రాలిన పోగులు మూటకట్టి తెస్తే అవీ తూచేవాడు. ఆ తక్కెడ ముందు నిలబడిన ప్రతిసారీ తిక్కయ్యకు ఒళ్ళు మండిపోయేది. నేనేమన్నా దొంగనా అని లోపల్లోపల కుమిలిపోయేవాడు. సొంత మగ్గం పెట్టుకుని, నేసిన దుప్పట్లు బండి మీద కోడుమూరు, కృష్ణగిరి, ఆదోని తిప్పి అమ్ముకోవడం మొదలుపెట్టిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు, ఇంకో మనిషిని అట్లా నిలబెట్టకూడదని. మంచి మనసే. ఆ మనసును తీసుకుపోయి ఎవరి చేతిలో పెట్టాడో చూడండి.

మెకానిక్ బాలరాజు. పన్నెండేళ్ళ స్నేహం. తిక్కయ్య ఇంట్లో ఉగాదికి ఓళిగలు చేస్తే మొదటి పళ్ళెం అతనికే. మూటలు మోసీ మోసీ బండికి ఏడాదికోసారి క్లచ్ పోయేది. ఈసారి పోయినప్పుడు ఇద్దరూ కలిసే సామాన్ల అంగడికి వెళ్ళారు. అంగడాయన బల్ల మీద మూడు రకాలు పరిచాడు. తిక్కయ్య ఒక్కో ప్లేటు మీద బొటనవేలు రాశాడు. నూలు సన్నమో ముతకో చెప్పే వేలు అది. చౌకది ఒక పక్క మందం, ఒక పక్క పలుచన.

"ఇది వద్దులేప్పా" అన్నాడు.

"వద్దే వద్దు. కంపెనీదే తీసుకోన్నా" అన్నాడు బాలరాజు. "స్ప్రింగులు గుడక మార్చల్ల. పాతవి అణిగిపోయింటాయి. వాటిని అట్లే పెట్టి ప్లేట్లు ఎన్ని మార్చినా పట్టు నిలవదు."

సొంత తమ్ముడైనా అంత శ్రద్ధగా చెప్పడు. కంపెనీ సెట్టే తీసుకున్నారు. దాని అట్టడబ్బా తడిసి చినిగిపోయింది. తిక్కయ్య జేబులో నూలుపోగు ఎప్పుడూ ఉంటుంది. ఒక ఎర్రపోగు తీసి, ప్లేట్లను స్ప్రింగుల పొట్లంతో కలిపి కట్టి, తెగిన పోగులు అతికేటప్పుడు నేతవాళ్ళు వేసే ముడి వేశాడు. లాగేకొద్దీ బిగుసుకుంటుంది అది.

"సాయంత్రానికి రెడీ చేస్తా. నువ్వు పోన్నా" అన్నాడు బాలరాజు. తిక్కయ్య పోయాడు. సాయంత్రం వచ్చి, ఎప్పటిలాగే పాతవి అడక్కుండా బండి తీసుకున్నాడు.

వారం తిరక్కముందే ఆదోని దారి పట్టాడు. వెనక భార్య కస్తూరమ్మ, నడుమ దుప్పట్ల మూట. వంతెన ఎక్కేచోట ఇంజను గోలపెట్టింది గాని బండి కదల్లేదు. గేరు తగ్గించాడు. ఇంకా గోలపెట్టింది. బండి వెనక్కి జారింది, మూట ఒరిగింది, కస్తూరమ్మ చెయ్యి మీద పడి కుడి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి రాట్నం తిప్పి కండెలు చుట్టకపోతే ఆ ఇంట్లో మగ్గం ఆడదు.

బాలరాజు అరటిపళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "బరువెక్కువైందన్నా. ప్లేట్లు కొత్తవి, వాటిదేం తప్పు?" అన్నాడు.

తిక్కయ్య నమ్మాడు. నమ్మి ఊరుకున్నాడా? కట్టు కట్టిన చేత్తో కూర్చున్న మనిషి ముందు మూట విప్పాడు. "ఎన్ని ఏసినావే?" అన్నాడు.

"ఎప్పుడూ ఏసేటివే ఏసినా" అంది కస్తూరమ్మ.

ఒక్కొక్కటే లెక్కపెట్టించాడు. ముప్పై. ఎప్పుడూ వేసేవే. అయినా తగ్గలేదు పెద్దమనిషి. "ఇవి మందం దుప్పట్లు, సూసుకోవద్దా?" అని కసిరాడు. కస్తూరమ్మ ఎడమచేత్తోనే బాలరాజుకు అన్నం వడ్డించింది.

పది రోజులకు, బండి ఇంకా ఎత్తు ఎక్కడం లేదని తిక్కయ్య మళ్ళీ బాలరాజు మెకానిక్ అంగడికి పోయాడు. అక్కడ రామాంజి అనే రైతు బండి విప్పి ఉంది. అచ్చం తిక్కయ్య బండి లాంటిదే. బాలరాజు లోపలికి పోయి ఒక కట్ట తెచ్చాడు.

"కంపెనీ సెట్టు. ఒకటి మిగిలింటే నీ కోసరం తీసినా" అన్నాడు రామాంజితో. దారం లాగాడు. రాలేదు. నూనె చేతులకు అసలే అందలేదు. ఆ బజారులో ఎవరికి ముడి పడినా నేతవాళ్ళ చేతికివ్వడం అలవాటు. బాలరాజు తల కూడా ఎత్తకుండా చెయ్యి చాచాడు.

"తిక్కన్నా, ఈ ముడి రవ్వంత ఇప్పు. నీ చేతికైతే వస్తాది."

తిక్కయ్య అందుకున్నాడు. ఎర్రపోగు. వేళ్ళు ముందు గుర్తుపట్టాయి, బుర్రకు తర్వాత ఎక్కింది. మెల్లగా ముడి విప్పాడు. పోగు జేబులో వేసుకున్నాడు.

"ఇవి నావి గదా, బాలరాజూ."

బాలరాజు ముఖం పాలిపోయింది. "పాతవాటికి ఇంకా రోంత పానముండెన్నా... ఇంకో నెల నడిస్తే, తర్వాత ఏస్తామని... నువ్వెట్లాగూ అడగవు గదా..." అని ఆగిపోయాడు.

తిక్కయ్య అరవలేదు. తన బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇప్పు" అన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక్కో బోల్టూ రెప్పవేయకుండా చూశాడు. చూస్తున్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయాడు, తప్పు చేసింది తనే అయినట్టు. కొత్త ప్లేట్లు, స్ప్రింగులు ఎక్కాయి.

"తిట్టన్నా. కొట్టు పోనీ" అన్నాడు బాలరాజు.

"పాతవి ఇయ్యప్పా."

ఇంటికొచ్చి నల్లగా మాడిన ఆ ప్లేట్లను కస్తూరమ్మ ముందు పెట్టాడు. జరిగింది చెప్పాడు. "తప్పు నీ మూటది కాదే" అన్నాడు.

కస్తూరమ్మ ఒక ప్లేటును ఎడమచేత్తో తీసి చూసి కింద పెట్టింది.

"ఆ పొద్దే సెప్పినా గదా" అంది. "ఆయప్పను పాత ఇనుము అడగనోడివి, నాతో దుప్పట్లు లెక్కపెట్టిస్తివి."