సైకిలు ట్యూబు పట్టీలు

మా కొత్తగూడెం జిమ్‌లో రాడ్డు భుజాల మీద పెట్టుకుని స్క్వాట్‌కు దిగే ముందు మోకాళ్ళకు సైకిలు ట్యూబు కోసి చేసిన పట్టీలు బిగించి కట్టుకుంటాం. నావి నాన్న గనికి వెళ్ళిన పాత సైకిలువి. నొప్పి మొదలైతే ఇంకాస్త బిగించడమే మాకు తెలిసిన వైద్యం.

పొద్దున దవాఖానాలో డాక్టరు నా మోకాలు చూసి ఇక బరువులు ఎత్తొద్దన్నారు. ఆ మాట చెప్పడానికే సాయంత్రం జిమ్‌కు వెళ్ళాను. కోచ్ సార్ అంతా విన్నారు.

"పట్టీలు తెచ్చినవా బిడ్డా?"

"తెచ్చిన సార్."

చివరిసారి ఖాళీ రాడ్డయినా ఎత్తనిస్తారేమో అనుకున్నాను. సార్ వాటిని తీసుకుని, చర్ల నుంచి కొత్తగా వచ్చిన లక్ష్మి ముందు కూర్చుని ఆమె మోకాళ్ళకు కట్టారు. "గట్టిగున్నదా?" అని, రోజూ నన్ను అడిగినట్టే అడిగారు. ఆమె బరువుతో కిందికి దిగి అక్కడే ఆగిపోయింది. "లే! లే!" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. లేచింది.

మోకాలికి ఉప్పు కాపడం పెట్టమని, ఆముదం రాయమని ఇది చదివి మీరంతా చెబుతారు, తెలుసు. అవి వద్దు. ఇట్లా పట్టీలు ఇచ్చేసి ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మర్నాడు సాయంత్రం ఏం చేశారు?