కప్పు మీద అరచెయ్యి

బార్బె ఒలిందో కొత్తవాళ్ళను నమ్మడు. పాతవాళ్ళనైతే, ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యకుండా ఎందుకు ఊరుకున్నారా అని నమ్మడు. ఇటలీ ఉత్తరాన ఫ్రియూలిలోని మా కొండల్లో పెద్దవయసు మగవాళ్ళను బార్బె అనే పిలుస్తాం, మామయ్యా అన్నట్టు. ఈయన ఆ పిలుపు వినగానే ముందు పిలిచినవాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తాడు, ఆ తర్వాతే పలుకుతాడు.

నేను కుర్చీల ఫ్యాక్టరీలో వార్నిష్ వేసే పనికి వచ్చి ఆయన పక్కింట్లో అద్దెకు దిగినప్పుడు నా పేరు భ్రమరాంబ అని చెప్పాను. అంత పొడుగు పేరు కావలసినవాళ్ళు ఏదో దాస్తున్నారనే ఆయన ఉద్దేశం. సగం కోసేసి అంబ్రా అన్నాడు. ఇక్కడి ఆడపిల్లలకు ఆ పేరు ఉంది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

తిండి పెట్టడంలో మాత్రం ఆయనకు ఏ అనుమానమూ ఉండేది కాదు. చీజూ బంగాళాదుంపా కలిపి అడుగు ఎర్రగా మాడేదాకా కాల్చే ఫ్రికో మొదటిసారి ఆయన చేత్తోనే తిన్నాను. మా మార్కాపురం ఇంట్లో ఇనప మూకుడులో కాలిన దిబ్బరొట్టె గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. బ్రొవాద అయితే మరీను. టర్నిప్ దుంపలను ద్రాక్ష పిప్పిలో ఊరబెట్టి, పుల్లబడ్డాక తురిమి, పంది సాసేజితో కలిపి ఉడికిస్తారు. గోంగూర దొరకని చోట నాలుక చచ్చిపోయి బతుకుతున్నదాన్ని, ఆ పులుపు తగిలాక మళ్ళీ మనిషినయ్యాను.

ఆ టర్నిప్‌ల కోసమని ఆయన ద్రాక్ష కోతలు అయ్యాక బండెడు పిప్పి తెచ్చుకునేవాడు. అంత పిప్పిలో ఊరే టర్నిప్‌లు మా కొండ మీద జనమంతా కూర్చుని తిన్నా ఈస్టరుకి గానీ అయిపోవు. మిగిలిన పిప్పి కోళ్ళగూడు వెనక కట్టెల పాకలోని రాగి బట్టీలోకి పోయేది. అందులో కాచేది గ్రాప్పా. మన మాటలో చెప్పాలంటే నాటుసారా, పట్టుబడితే జరిగే మర్యాద కూడా అదే. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఇక్కడ కాఫీ తాగాక కప్పు అడుగున కాస్త చక్కెర మిగులుతుంది. దాని మీద చుక్క గ్రాప్పా పోసి, గుండ్రంగా తిప్పి, కప్పును కడిగినట్టు చేసి తాగుతారు. దాన్ని రెజెంటిన్ అంటారు. ఒలిందో ఇంట్లో కాఫీ అందరికీ దొరుకుతుంది, రెజెంటిన్ దొరకదు. నాకు చాలా చలికాలాలు కాఫీ ఒక్కటే దక్కింది. ఒకసారి బస్టాపులో ఎవరో కొత్తమనిషి మంచి గ్రాప్పా ఏ ఇంట్లో దొరుకుతుందని అడిగితే నాకు భాష రాదన్నాను. ఆ మాట ఎలా చేరిందో గానీ, ఆ ఆదివారం ఆయన పేరూ ఊరూ లేని ఆకుపచ్చ సీసా తీసి నా కప్పులో పోశాడు. గొంతులో నిప్పు దిగింది, దాని వెనకే ద్రాక్షతొక్క వాసన. మా అమ్మ చూసి ఉంటే నన్ను గుమ్మం బయటే నిలబెట్టేది. నాకు మాత్రం సొంత మనిషినైనట్టు గర్వంగా అనిపించింది.

ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. వాళ్ళ నాన్న రోజుల్లో ఇద్దరు పెద్దమనుషులు ద్రాక్ష బేరానికని వచ్చి, గ్రాప్పా తాగి, ఇంత మంచిది జన్మలో తాగలేదని పొగిడారట. ముసలాయన పొంగిపోయి పాక చూపించాడు. మర్నాడు వాళ్ళే పన్నుల పోలీసుల బూడిదరంగు యూనిఫారంలో వచ్చి బట్టీ మోసుకుపోయారు. ఒలిందో మీసాలు మొలవకముందే బవేరియా ఇటుక బట్టీల పనికి వెళ్ళాడు. తిరిగొచ్చాక, జామ్ వండే గంగాళం కావాలని కంచరికి చెప్పి కొత్త బట్టీ చేయించుకున్నాడు. కూతురు నీవెస్ బడికి వెళ్తుండగానే భార్య ఆల్దా పోయింది. వండటం, జడలు వెయ్యడం, వచ్చేపోయేవాళ్ళను అనుమానించడం, అన్నీ ఒక్కడే చేస్తూ పిల్లను పెంచాడు.

ఆ నీవెస్ పెద్దదై చివిదాలె పట్నంలో మందుల షాపులో పనికి కుదిరింది. ఒక ఆదివారం కోసిమో అనే కుర్రాణ్ణి ఇంటికి తీసుకొచ్చి, వసంతంలో పెళ్ళి చేసుకుంటామంది. దక్షిణాన తారాంతో అతని ఊరు. ఇక్కడ ఆఫీసులో పని అని చెప్పింది గానీ ఏ ఆఫీసో చెప్పలేదు.

కుర్రాడు సాసేజీ బ్రొవాద అడిగి మరీ వేయించుకుని తిన్నాడు. కాఫీ అయ్యాక, కూతురి మొహం చూసి, ఒలిందో తన అలవాటు తప్పి ఆకుపచ్చ సీసా ఎత్తాడు. కోసిమో వెంటనే కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. కడుపులో మంట, ఏమీ అనుకోవద్దన్నాడు. వాళ్ళు వెళ్ళగానే ఒలిందో కంచె దగ్గరికొచ్చాడు. రెండు పళ్ళాల పందిమాంసం అరిగించుకునే కడుపుకి చుక్క గ్రాప్పా పడదంటే తాను నమ్మాలా అని నన్నే నిలదీశాడు.

తర్వాతి ఆదివారాలూ అంతే. చెయ్యి కప్పు మీదికి ఠంచనుగా వచ్చేది. ఒలిందో అతని వెనకాలే కళ్ళేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. కారు ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి పెడతాడు. ఇంటి వెనక్కి ఒక్కసారి కూడా వెళ్ళడు. పాకలోంచి కట్టెలు తెమ్మని నీవెస్ అంటే, మీ నాన్నే తెస్తాడులే అని కూర్చుంటాడు. కోళ్ళగూడు వైపు నుంచి గాలి వీస్తే జేబురుమాలు ముక్కుకి పెట్టుకుంటాడు.

"చూడకండా ఉండాలంటే, ఏది చూడకూడదో ముందే తెలిసుండాల గదమ్మా అంబ్రా," అన్నాడు నాతో. "ఈడికి తెలుసు."

ఆ మాట విన్నాక నాకూ ఆ జబ్బు అంటుకుంది. కుర్రాడి నవ్వు చూసినా, పాలిష్ పెట్టిన బూట్లు చూసినా ఏదో తేడాగా కనిపించసాగింది.

ఇంతలో మా ఊరి కొట్టు నడిపే ఎర్మెస్ ఉప్పందించాడు. చివిదాలె సంతలో కోసిమోను చూశాడట, బూడిదరంగు యూనిఫారంలో.

ఒలిందో ఆ మధ్యాహ్నం బట్టీ ఊడదీసి, దాని మీద మూతలా ఉండే రాగి టోపీని దుప్పట్లో చుట్టుకుని నా ఇంటికొచ్చాడు. మంచం కింద పెట్టమన్నాడు. ఎవరైనా అడిగితే మీ దేశపు ఇడ్లీ గిన్నె అని చెప్పమన్నాడు. అంత పెద్ద ఇడ్లీ మా దేశంలో ఎవరూ తినరన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. కుర్చీలో కూలబడి, వాడు వచ్చేది నీవెస్ కోసమా, బట్టీ కోసమా అని అడిగాడు. బట్టీ పోతే ఇంకోటి చేయించుకుంటాడు. తన కూతుర్ని ఎవడైనా నిచ్చెనలా వాడుకుంటే ఆ పిల్ల ఏమైపోతుందన్నదే ఆయన్ను కోసేస్తున్న భయం.

నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండగ రోజు వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచాడు, సాక్షిగా నన్నూ రమ్మన్నాడు. అందరం నవ్వుతూనే తిన్నాం గానీ ఎవరి నవ్వూ కళ్ళదాకా రాలేదు. కాఫీ అయ్యింది. ఒలిందో ఈసారి అడగలేదు. కోసిమో నీవెస్ వైపు తిరిగి ఏదో చెబుతుండగా, చెయ్యి అడ్డం వచ్చేలోపే అతని కప్పులో గ్రాప్పా పోసేశాడు.

కోసిమో కప్పు వైపు కాసేపు చూశాడు. తర్వాత లేచి, కప్పు తీసుకెళ్ళి తొట్టిలో వంపేశాడు. కుళాయి తిప్పి, సబ్బు పెట్టి కడిగి, బోర్లించాడు. మా కొండల్లో ఇంటి పెద్ద పోసిన చుక్కను నీళ్ళలో కలపడమంటే ఆయన మొహాన ఉమ్మేసినట్టే.

ఒలిందో కేకలు వెయ్యలేదు. "మా నాయన కాడికి వచ్చినోళ్ళు తాగి మోసం చేసినారు. నువ్వు తాగకండానే చేస్తన్నావు. ఇంక నా గడప తొక్కమాక," అన్నాడు.

నీవెస్ తన కోటు తీసుకుంది. "నేనూ తొక్కను నాన్నా," అంది.

గుమ్మం దగ్గర కోసిమో ఆగాడు. దక్షిణాది వాళ్ళ మాట మామూలుగా గలగలమంటుంది, ఆ రోజు ఒక్కో మాటా వెతుక్కున్నాడు.

"బార్బె, నేను తాగితే నాకు తెలిసిపోతుంది. తెలిస్తే నేను పైకి చెప్పి తీరాలి, నా ఉద్యోగమే అది. మీ ఇంట్లో ఉన్నంతసేపూ కళ్ళు మూసుకున్నాను, ముక్కు మూసుకున్నాను. నాలుకను ఎలా మూసుకోవాలో నాకు రాదు."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఒలిందో బోర్లించిన కప్పునే చూస్తూ కూర్చున్నాడు. ఇదీ ఏదో ఎత్తేమోనని అన్నాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. అతను వెనక్కి వెళ్ళకపోవడం, జేబురుమాలు, అరచెయ్యి, అన్నీ నిన్ను కాపాడటానికే కదా, ఇంకేం కావాలి నీకని అడిగాను.

"పిల్లను పోగొట్టుకుని ఆ బట్టీని కావలించుకుని పడుకో బార్బె," అనేసి వచ్చేశాను.

నీవెస్ దగ్గర్నుంచి ఫోను లేదు. ఆయన తలుపు తియ్యడం కూడా తగ్గించేశాడు. పాక చిమ్నీలోంచి పొగ రాలేదు. ఆ ఏడు పిప్పి నిజంగానే టర్నిప్‌లకు పోయింది, మిగిలింది బూజు పట్టింది. నా మంచం కింది టోపీ కోసం కూడా రాలేదు.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఒక ఉదయం ఆయన కొండ దిగి ఎర్మెస్ కొట్టుకెళ్ళి గ్రాప్పా సీసా అడిగాడు. పన్ను కట్టినట్టు మూత మీద సర్కారు పట్టీ అంటించింది కావాలన్నాడు. ఎర్మెస్‌కి చెమటలు పట్టాయట. ఒలిందో గ్రాప్పా కొనడమేమిటి, వీణ్ణి ఎవరో నా మీదికి ఉసిగొల్పి పంపారు అనుకుని, బల్ల కింద ఏవేవో సర్దాకే సీసా ఇచ్చాడట. భోజనాల వేళకి ఊరంతా చెవులు కొరుక్కుంది. ఆయన తలెత్తకుండా ఆ సీసాను బయటికి కనిపించేలా పట్టుకుని వీధి మధ్యలోంచి నడిచొచ్చి, నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

చివిదాలెలో నీవెస్ తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. వెనక కోసిమో నిలబడి ఉన్నాడు. ఒలిందో వాళ్ళిద్దరి మధ్యలోంచి వెళ్ళి సీసాను బల్ల మీద పెట్టి, పట్టీ ఉన్న వైపు కుర్రాడికి తిప్పాడు.

"చదువుకో," అన్నాడు. "నీ సర్కారు ముద్రే. దీంట్లో తెలుసుకోను ఏం లేదు."

కోసిమో నిజంగానే వంగి అక్షరం అక్షరం చదివాడు. నీవెస్ కాఫీ పెట్టింది. తాగడం అయ్యాక అందరం కోసిమో కప్పు వైపే చూశాం. అతని చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఒలిందో పట్టీ చించి, చుక్క పోశాడు. అతనికి తిప్పడం రాలేదు. నీవెస్ అతని మణికట్టు పట్టుకుని తిప్పి చూపించింది. ఒక్క గుక్కలో తాగి, దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఒలిందో తన కప్పులోనూ పోసుకుని తాగాడు. మొహం ముడుచుకుపోయింది. జన్మలో మొదటిసారి కొట్టు సరుకు తాగాడు మరి. నీవెస్ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవమాక తల్లీ," అన్నాడు ఆమె జుట్టు మీద చెయ్యి వేసి. "ఇంత దరిద్రపు సారా తాగితే నాకూ ఏడుపే వస్తంది."

తన ఖాళీ కప్పును కోసిమో వైపు జరిపాడు.

"ఇంకాస్త పొయ్యవయ్యా అల్లుడూ."