పడుకుని ఎంచిన పడవ

2017, కార్తీకమాసం. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ పడవలు కట్టే షెడ్డు పెట్టి అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు దాటింది. సముద్రం పనే తప్ప కొండల్లో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

అరకు దాటి ఒడిశా హద్దు వైపు పోతే కొండల మధ్య ఒక రిజర్వాయరు ఉంది. అవతలి ఒడ్డు ఊళ్ళకు అప్పట్లో రోడ్డు లేదు. వాళ్ళకు వైద్యం చేసే, ఇవతలి ఒడ్డునున్న ఒక చిన్న ఆసుపత్రికి ఎవరో పెద్దమనిషి తన పాత మోటార్ యాట్ ఇచ్చేశాడు. యాట్ అంటే షికార్లకు కట్టిన ఇంజను పడవ. దాన్ని లారీ మీద ఘాట్ రోడ్డెక్కించి తెచ్చుకున్నారు. కానీ రిజర్వాయరు కట్టినప్పుడు మునిగిన చెట్ల మొద్దులు నీళ్ళ అడుగున అలాగే ఉన్నాయి. ఒడ్డు దాకా వెళితే యాట్ అడుగున తిరిగే ఫ్యాను విరుగుతుంది. అందుకని ఆసుపత్రి డాక్టరుగారు నాకు ఫోన్ చేసి, ఒక డింగీ కావాలన్నారు. డింగీ అంటే పెద్ద పడవ తన వెంట మోసుకెళ్ళే చిన్న పడవ.

దాన్ని పెట్టాల్సిన చోటు యాట్ వెనకున్న స్విమ్ ప్లాట్‌ఫామ్. నీటికి జానెడు ఎత్తులో ఉండే చెక్క అరుగు అది, ఈతకు దిగేవాళ్ళ కోసం కట్టింది. దాని మీద బరువు ఎక్కువైతే పడవ వెనక్కి కుంగుతుంది. వెడల్పు ఎక్కువైతే మనిషి నిలబడడానికి చోటుండదు.

మినీ లారీలో మూడు రకాలు వేసుకుని వెళ్ళాను. ఒకటి గాలి కొట్టే రబ్బరు పడవ. రెండోది నేను కట్టిన ఫైబర్ డింగీ. మూడోది రిబ్, అంటే అడుగు గట్టి ఫైబరు, చుట్టూ గాలి గొట్టం. దారి పొడుగునా పొలాలు వలిసె పూలతో పచ్చగా ఉన్నాయి. నా ఫైబర్ డింగీయే అమ్ముడవుతుందని నాకు ధీమా. మొద్దులున్న నీళ్ళలో రబ్బరు నిలవదు, రిబ్ బరువెక్కువ. ఇంక అడగాల్సిందేముంది?

ఒడ్డున ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకరు యాట్ నడిపే బుద్రు, నలభై దాటిన మనిషి. రెండోవారు నర్సు చిలకమ్మ, ఆ కొండ ఊళ్ళల్లోనే పుట్టి అక్కడే పనిచేస్తున్న ఆవిడ. నేను నా డింగీ గుణాలన్నీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "అయితే బాబూ, మీరు ఒకపాలి ఇందల పడుకోండి" అంది.

"పడుకోవడమేంటమ్మా, పడవలో కూర్చుంటారు గానీ."

"నాను తెచ్చేవోలు కూకోలేరు బాబూ. పురిటి నొప్పుల మనిసి కూకుంటాదేటి?"

సరేనని పడుకోబోయాను. పడవ మధ్యలో అడ్డంగా కూర్చునే చెక్క ఉంది. తల ఇటు, కాళ్ళు అటు, నడుం ఆ చెక్క మీద. నా చేత్తో ఎన్ని పడవలకు ఆ చెక్క బిగించానో లెక్కలేదు. అది మనిషికి అడ్డమవుతుందని ఒక్కసారీ తోచలేదు.

చెక్క ఊడదీయించి, "ఇప్పుడు డోలీలోంచి దింపాల" అంది చిలకమ్మ. కర్రకు దుప్పటి కట్టి మనిషిని మోసుకొచ్చేదే డోలీ. నన్ను అందులో పడుకోబెట్టి, ముందు బుద్రు, వెనక మా లారీ డ్రైవరు మోకాలి లోతు నీళ్ళలోకి మోశారు. బుద్రు ఎక్కుదామని అంచు మీద కాలు పెట్టాడు. డింగీ గిరుక్కున ఒరిగింది. అతని భుజం మీది కర్ర జారి, నేను దుప్పటితో సహా నీళ్ళలో పడ్డాను.

లేచి, తడిసిన చొక్కా పిండుకుంటూ నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

"పోయినేడు ఇలగే అయ్యింది బాబూ," అంది చిలకమ్మ మెల్లగా. "నాటు దోనె అది. ఒడ్డుకాడే ఒరిగిపోనాది. నొప్పులు పడతన్న గుంటని పైకి లాగినాం, బతికింది. కడుపులోది దక్కలేదు. ఆ దోనె నానే పురమాయించినాను."

నేను నా డింగీని ఒడ్డుకు లాగేసి, మిగతా రెండూ నీళ్ళలోకి దింపించాను.

రబ్బరు పడవ ఒరగలేదు గానీ, అడుగు మెత్తగా నడుం కింద కుంగిపోయింది. రిబ్ అంచు మీద బుద్రు నిలబడ్డా కదల్లేదు. పైగా దాని గాలి గొట్టం దాదాపు ప్లాట్‌ఫామ్ ఎత్తుకే వచ్చింది. మనిషిని పెద్దగా ఎత్తక్కర్లేకుండా అరుగు మీదికి జరిపేయొచ్చు. మిగిలింది బరువు. డాక్టరుగారు అడిగిన చిన్న మోటారు వద్దని చిలకమ్మే తేల్చేసింది. "మోటారేటికి? బుద్రు సేతిల గెడ ఉంటే సాలు." గెడ అంటే నీళ్ళ అడుగున ఆనించి పడవను తోసే పొడుగాటి కర్ర. సీట్లు కూడా తీసేసి, అడుగున సాపుగా ప్లైవుడ్ పలక పరిచాను. ప్లాట్‌ఫామ్ అంచుకు స్నాప్ డేవిట్లు బిగించాను. ఇవి మడతబందుల్లాంటి కొక్కేలు. వీటితో డింగీ పక్కకు లేచి నిలబడుతుంది, తాడు వదిలితే నీళ్ళలో వాలుతుంది. ఆ తాడును చిలకమ్మ ఒక్కతే పదిసార్లు వదిలి, లాగి చూసింది. అరచేతులు ఎర్రగా కందాయి.

"బేగి అయిపోతంది. సాలు," అంది.

మరుసటి వేసవిలో కొక్కేలు చూడడానికి మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం దగ్గరుండగా ఒక అమ్మాయికి నొప్పులొస్తున్నాయని అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. నేనూ యాట్ ఎక్కాను. నీళ్ళు బాగా తగ్గి మొద్దులు బయటికి కనిపిస్తున్నాయి. ఒడ్డుకు చాలా దూరంలోనే ఇంజను ఆపేశారు. బుద్రు డింగీలో గెడ వేసుకుంటూ వెళ్ళాడు. రెండుసార్లు డింగీ అడుగు మొద్దుకు రాసుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఒడ్డున డోలీని డింగీలోకి దించారు. అది కాస్త ఊగి నిలబడింది.

డింగీ తిరిగి ప్లాట్‌ఫామ్ దగ్గరికొచ్చాక, అరుగు మీద చిలకమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, "నా మెడ సుట్టూ సెయ్యెయ్యి అమ్మా" అంటూ ఆ పిల్లను తన వైపు జరుపుకుంది. నేను దుప్పటి అంచు పట్టుకున్నాను. ఇవతలి ఒడ్డున జీపు సిద్ధంగా ఉంది. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. చిలకమ్మ బయటికొచ్చి ఆ మాట చెప్పి, గోడకానుకుని చాలాసేపు కూర్చుండిపోయింది.

ఇప్పుడు అవతలి ఒడ్డుకు రోడ్డు పడింది. అంబులెన్సు ఊళ్ళోకే వెళుతుంది, యాట్ అవసరం తీరింది. మంచిదే. చిలకమ్మ రిటైరై కాఫీ తోట చూసుకుంటోంది. అయినా కార్తీకం వస్తే ఆ ఒడ్డు, ఆ చల్లటి నీళ్ళు, చొక్కా ఆరేదాకా ఆవిడ పోసిచ్చిన రాగి అంబలి గుర్తొస్తాయి.

ఇరవయ్యేళ్ళూ నేను తెడ్డు పట్టిన మనిషినే తలుచుకుని పడవలకు కొలతలు వేశాను. ఇప్పుడు ఎవరు డింగీ కావాలన్నా, ఎన్ని అడుగులని అడగను. పడవ ఎక్కేవాళ్ళలో అందరికన్నా ఒంట్లో ఓపిక లేని మనిషి ఎవరని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు కాసేపు ఆలోచించి, "మా అమ్మ" అంటారు. అప్పుడు టేపు తీస్తాను.