పాటల మీద బావ గొంతు

మా బావ పోయాడని మొన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇగ మాట్లాడడు రా" అన్నది. పదిమంది మాటలు ఒక్కడే మాట్లాడే మనిషి! నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

చమురు డబ్బుతో దోహా లేచి నిలబడుతున్న రోజుల్లో నాకు వీసా తెప్పించి, అన్నం వండుకోవడం నేర్పింది బావే. కంపెనీ పనివాళ్ల క్యాంప్‌లో ఇద్దరిదీ ఒకే గది. ఆయన ఒక ఇంగ్లండు ఇంజనీరుకు డ్రైవర్. ఆ దొర దేశం వెళ్లిపోతూ తన టేప్ రికార్డరూ, వాళ్ల దేశపు రాక్ బ్యాండ్ ఒకదాని తొలి రెండు ఆల్బమ్‌ల క్యాసెట్లూ బావకిచ్చాడు. ఇక డ్యూటీ దిగితే అవే. గిటార్ గీపెట్టేది, పాడేవాడు గొంతు చించుకునేవాడు.

"ఏం సమజైతది బావా నీకు?" అని విసుక్కునేవాణ్ణి.

"సమజ్ గాకుంటెనే మంచిది రా. నా కడుపుల ఉన్నదే వాడు మొత్తుకున్నట్టుంటది."

ఇంటికి గొంతు వినిపించాలంటే క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వెళ్లేవాళ్ల చేతికివ్వడమే. ఒకసారి కొత్త క్యాసెట్ దొరక్క బావ మొదటి ఆల్బమ్ మీదే మాట్లాడి పంపాడు. మాటలయ్యాక ఆపేశాడు. ఆ తర్వాత చెరగకుండా మిగిలిన పాట సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఊళ్లో అందరూ వింటుండగా బావ గొంతు ఆగి, ఒక్కసారిగా ఆ కేకలు, ఆ దడదడ! బావ తల్లి గుండె బాదుకుంది. "దుబాయ్ల నా కొడుకు మీద ఏదో కూలింది!" మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. క్షేమమని ఉత్తరం రాశాం. "ఉత్తరం ఎవలైన రాస్తరు" అని అన్నం మానేసిందట. బావ సెలవడిగితే కంపెనీ అరబ్బీలో 'మాఫీ', అంటే లేదు పొమ్మంది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది.

ఆ శుక్రవారం ఒకతను ఇండియా బయలుదేరాడు. అక్కడ శుక్రవారమే సెలవు, దుకాణాలు మూసి ఉన్నాయి. బావ తనకు ప్రాణమైన రెండో ఆల్బమ్ తీశాడు.

"అది చెడగొట్టకు బావా. కొత్తది కొందాం, ఆగు."

"అమ్మ తింటలేదు రా. ఇంకెన్నొద్దులు ఆగాలె?"

రెండు వైపులా చివరిదాకా మాట్లాడాడు. "నేను మంచిగున్న. తిన్నవా అమ్మా?" అని, ఆమె ఎదురుగా ఉన్నట్టే ఆగేవాడు. మాటలైపోయినా రికార్డరు ఆపలేదు. మౌనం పడ్డా పాట చెరిగిపోతుంది కదా. ఆ క్యాసెట్ విన్నాకే అత్త అన్నం ముట్టిందట.

మా కాంట్రాక్టు ముగిసేలోపే అత్త పోయింది. అప్పుడూ బావకు సెలవు దొరకలేదు. చివరికి ఇల్లు చేరాం. అక్క ఆ క్యాసెట్ పెట్టింది. "తిన్నవా అమ్మా?" అని బావ గొంతు అడిగి ఆగింది.

"ఈడ అత్తమ్మ రోజు జవాబు చెప్పేది" అంది అక్క. "'తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?' అనేది."

బావ ఇంకా బూట్లు కూడా విప్పలేదు. నిలబడ్డచోటే, "తిన్ననే అమ్మా" అన్నాడు.

అప్పటికే టేపులో ఆయన గొంతు ఇంకేదో అడుగుతోంది.