ఎవరూ సణగని పాట

సాక్సనీ కొండల్లో మేజోళ్ళు నేసే ట్రౌగోట్ ఊలిగ్‌కు ఒకటే పిచ్చి. ముత్తాతల నాటి జర్మన్ భక్తిగీతాలు, నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడిచి ఒకచోట కలిసేవి, ఊరి చర్చిలో మళ్ళీ వినిపించాలి. ఊరివాళ్ళకేమో అందరూ కలిసి ఒకే వరసను ఈడ్చుకుంటూ పాడితేనే భక్తి. అయినా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మగ్గాల గదిలోనే గాయక బృందం పెట్టాడు. మిల్లు ఆడవాళ్ళు, గని పనివాళ్ళు, తన భార్య హుల్డా అందులో చేరారు.

కొన్నేళ్ళ సాధన తర్వాత, చర్చిలో పాడడానికి పాస్టర్ లోషర్ ఒక్క ఆదివారం ఇచ్చాడు.

"జనంలో ఒక్కరు సణిగినా మీకిక చర్చిలో చోటు లేదు ట్రౌగోట్. తర్వాత నన్నని లాభం లేదు."

ట్రౌగోట్ తెలివిగానే ఆలోచించాననుకున్నాడు. ఊళ్ళో పసిపిల్లలకూ తెలిసిన కీర్తన వరసను మగ గొంతులు నిదానంగా పాడుతుంటే, మిగతా గొంతులు దాని చుట్టూ అల్లుకుపోయే పాట ఎంచుకున్నాడు. తమ పాటే కదా, చెవులప్పగించి వింటారనుకున్నాడు. అక్కడే తప్పులో కాలేశాడు.

ఆదివారం గాయకులు నిలబడే పై వసారాలోంచి ఆ వరస మొదలైందో లేదో, కింద ముసలి మెటా గ్రోస్ లేచి నిలబడి గొంతెత్తింది. ఆ కీర్తన చెవిన పడితే కూర్చుని వినడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. చర్చి మొత్తం లేచింది. కిటికీలు అదిరేలా పాడారు. ఏళ్ళ తరబడి నేర్పించిన పాట ఆ హోరులో ఎక్కడ కొట్టుకుపోయిందో తెలియలేదు. ట్రౌగోట్ ముందు కొయ్యబారిపోయాడు. చేతులు మాత్రం వాటంతటవే తాళం వేస్తున్నాయి. అంత అన్యాయం అతను కలలో కూడా ఊహించలేదు.

ప్రార్థన అయ్యాక పాస్టర్ నవ్వుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఒక్కరూ సణగలేదయ్యా. ఇక నెలనెలా పాడండి."

"ఒక్కరూ వినలేదు కదండీ."

"అందుకేనేమో మరి."

ఇంటికి నడిచినంతసేపూ ట్రౌగోట్ ఊరిని తిడుతూనే ఉన్నాడు. "చెవుల్లేని జనం. మనవాళ్ళయినా చివరిదాకా తమ వరసల్లో నిలబడ్డారు, అది చాలు."

హుల్డా ఆగిపోయింది. "ఎక్కడ నిలబడ్డాం? సగం నుంచి మేమూ జనంతోనే పాడాం."

"నువ్వు కూడానా?"

"మీ నోరు చూసే కదా పాడతాం. ముందు వాళ్ళతో కలిసింది మీరే."

ట్రౌగోట్ కాదనబోయాడు. కానీ పాస్టర్‌తో మాట్లాడినప్పుడే తన గొంతు బొంగురుపోయి ఉన్న సంగతి గుర్తొచ్చింది.