రాహుకాలంలో అల్‌హంబ్రా

పెళ్లయిన కొత్తల్లో నాకు మూఢనమ్మకాలు లేవని నేను గట్టిగా నమ్మేవాణ్ణి, మా ఆవిడ కూడా నమ్మాలని ఆరాటపడేవాణ్ణి. బెజవాడలో మా నాన్న రాహుకాలం చూడకుండా గుమ్మం దాటేవారు కాదు. ఆయన్ని చూసి నవ్వేవాణ్ణి. (నవ్వుతూనే ఆ వేళలన్నీ బట్టీ పట్టేశానని అప్పటికి నాకే తెలియదు.) ఆఫీసు పని మీద నన్ను కొన్నాళ్లు స్పెయిన్ పంపితే ఆవిడనీ తీసుకెళ్లాను. ఆవిడది మంగళగిరి, మగ్గాల ఇల్లు. చీరల అంచులకి బొమ్మలు గీసేది. అక్కడ గ్రనడా కొండ మీద ఒకప్పుడు మూర్లనే ముస్లిం రాజులు కట్టిన అల్‌హంబ్రా కోటలో రాజభవనం ఉంది. ఆ గోడల నగిషీలు కళ్లారా చూసి గీసుకోవాలని ఆవిడ కోరిక. మేం ఆ కోటకి వెళ్లిన మర్నాడే మా తిరుగు ప్రయాణం. కోటలో ఎంతసేపైనా తిరగొచ్చుగానీ, రాజభవనంలోకి మాత్రం టికెట్టు మీద వేసిన అరగంటలోనే అడుగుపెట్టాలి. మాది పదకొండున్నర.

ద్వారం దగ్గర ఫోను చూశాను. మంగళవారం. బెజవాడలో సరిగ్గా మూడు, రాహుకాలం మొదలు.

"ముందు కాఫీ తాగుదామా?" అన్నాను.

"ఇప్పుడేగా తాగాం."

"కాసేపు అలా కూర్చుందాం."

"లోపల చూశాక కూర్చుందాం లెండి."

నేను బురుజుల ఫొటోలు తీశాను, అరుగు మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్లీ కట్టాను, కోట చరిత్ర కొంత కల్పించి చెప్పాను. ఆవిడ నా ఫోను వంక చూసింది. అందులో తెలుగు క్యాలెండరు తెరిచి ఉంది.

"రాహుకాలమా?"

"నాకేం నమ్మకం లేదు. నువ్వు మంచి పని మీద వెళ్తున్నావు కదా, నీ కోసమే."

"అది మన ఊరి లెక్క కదండీ. రాహువుకి కూడా వీసా తీయించారా?"

"మనం ఆ ఊరివాళ్లమే కదా," అన్నాను, చాలా శాస్త్రీయంగా.

ఆవిడ తన టికెట్టు, బొమ్మలు గీసుకునే పుస్తకం తీసుకుని, సంచీ నా ఒళ్లో పెట్టింది. "అయితే మీరిద్దరూ ఇక్కడే కూర్చోండి. నేను చూసొస్తా," అని వెళ్లిపోయింది.

ఒంటిగంటకి, అంటే బెజవాడ నాలుగున్నరకి, రాహుకాలం పోయింది. కుడికాలు ముందుపెట్టి ద్వారం దగ్గరికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి టికెట్టు చూసి, గడియారం చూపించి, తల అడ్డంగా ఊపాడు. ఆయనకి తెలుగు వస్తే బతిమాలేవాణ్ణి. (రాకపోవడమే మంచిదైంది, కారణం అడిగేవాడు.) ఇంతలో ఆవిడ వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చింది. నన్ను చూడగానే ఆ వెలుగు కాస్త తగ్గించుకుంది. ఎలా ఉందని అడిగే మొహం నాకు లేకపోయింది.

ఒళ్లో సంచీతో రాహువు పక్కన కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. మంగళగిరిలో మాకిప్పుడు చిన్న చీరల కొట్టుంది. ఆ గోడల మీది నక్షత్రాలు మా అంచుల్లోకి ఎక్కాయి. కొనేవాళ్లకి వాటి గురించి చెప్పేది నేనే. పైకప్పు తేనెపట్టులా ఉంటుందంటాను, రాతి సింహాలు నోటితో నీళ్లు చిమ్ముతాయంటాను. మొన్న పామర్రు నుంచి వచ్చినావిడ, "లోపల చల్లగా ఉంటుందాండీ?" అని అడిగింది. నేను మా ఆవిడ వంక చూశాను.

చీర మడతపెడుతూ, తలెత్తకుండానే, "చెప్పండి, మీరేగా చెబుతున్నారు," అంది.

"లోపలి సంగతి ఆవిడే చెప్పాలమ్మా," అన్నాను. "బయట మాత్రం బాగా ఎండ."