బ్యాటరీ ఊడదీసిన ఉదయం

కాగితం మిల్లు మూతపడ్డాక జెర్మేన్ పెల్టియేకి తెల్లవారడమంటేనే భయం పట్టుకుంది. కార్బెట్ ఫాల్స్ మిల్లులో లారీల గేటు దగ్గర ఆమె ఉద్యోగం. ఏ లారీ ఎప్పుడు లోపలికి రావాలో, ఏది ఏ దారిన బయటికి పోవాలో రేడియోలో చెప్పడం, డ్రైవర్లు నోరు చేసుకుంటే అంతకు రెట్టింపు నోరు చేసుకోవడం. పెళ్ళయిన కొత్తలో చేరింది. భర్త చనిపోయిన ఏడాది కూడా ఆ కిటికీ దగ్గర కూర్చునే గుండె దిటవు చేసుకుంది. ఊళ్ళో సగంమంది ఆమెను మొహం చూసి కాదు, గొంతు విని గుర్తుపట్టేవారు.

ఇప్పుడు ఆ గొంతుకు పని లేదు. రోజూ వంటింటి బల్ల మీద పాత లాప్‌టాప్ తెరిచి ఉద్యోగాల వెబ్‌సైట్ల చుట్టూ తిరగడమే పనైపోయింది. తన వివరాలన్నీ ఎక్కించిన తర్వాత మళ్ళీ అవే వివరాలు ఒక్కొక్కటీ కొట్టమంటాయవి. చివరి పేజీకి చేరేసరికి లాప్‌టాప్ రొప్పుతూ బిగుసుకుపోతుంది. అన్నీ దాటి పంపించగలిగినా అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు.

అలాంటిది, మార్చిలో ఒక జవాబు వచ్చింది. కౌంటీ అత్యవసర ఫోన్ కేంద్రంలో పని. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడి, అంబులెన్సునో పోలీసునో పంపించాలి. ముందు ఇంటినుంచే ఒక పరీక్ష రాయాలి: హెడ్‌ఫోన్స్‌లో మాటలు వినిపిస్తాయి, వింటూ టైపు చేయాలి. పరీక్ష పేజీ పదకొండింటికి తెరుచుకుని పన్నెండింటికి మూసుకుపోతుంది. రెండో అవకాశం లేదు.

ఆ రోజు ఎనిమిదింటికే జెర్మేన్ బల్ల ముందు కూర్చుంది. బయట వానా మంచూ కలిసి కురుస్తున్నాయి. పొయ్యి మీద ప్లోయ్ అనే మందపాటి అట్టు పొంగుతోంది. వేళ్ళు కాస్త సాగుతాయని, ఉచితంగా టైపింగ్ నేర్పుతామన్న ఒక పేజీలో బొత్తాం నొక్కింది.

తెరంతా ఎర్రబడింది. లాప్‌టాప్ సైరన్‌లా మొత్తుకుంది. మీ కంప్యూటరులో వైరస్ చేరింది, ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని పెద్ద పెద్ద అక్షరాలు. ఏది నొక్కినా పోవడం లేదు. గడియారం వైపు చూసింది. ఫోన్ చేసింది.

"హలో మేడమ్, నా పేరు కెవిన్," అందొక మెత్తని గొంతు. "కంగారు పడకండి. ముందు గుండెనిండా గాలి పీల్చుకోండి."

"పదకొండింటికి నాకు ఉద్యోగ పరీక్ష ఉంది బాబూ."

"అయ్యో! అయితే తొందరగా కానిద్దాం. మీ పరీక్ష పాడవనివ్వను, సరేనా?"

ఎన్నాళ్ళ తర్వాతో ఒక మనిషి తన ఉద్యోగం గురించి అంత ఆదరంగా మాట్లాడాడు. జెర్మేన్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. అతను చెప్పిన అక్షరాలు కొట్టింది, అడిగినచోటల్లా సరే అంది. ఉన్నట్టుండి తెర మీది బాణం దానంతట అదే కదిలింది. తన చెయ్యి ఒళ్ళోనే ఉంది. బాణం మాత్రం ఇల్లంతా తెలిసిన మనిషిలా అటూ ఇటూ తిరుగుతూ ఏవేవో తెరిచి మూస్తోంది.

"ఇవన్నీ దొంగలు పెట్టినవే మేడమ్. మీ బ్యాంకు పని కూడా ఇందులోనే చూసుకుంటారా? ఒక్కసారి తెరవండి, డబ్బు భద్రంగా ఉందో లేదో చూద్దాం."

బ్యాంకు పేజీ తెరిచింది. పాస్‌వర్డ్ సగం కొట్టింది.

"ఒక్కమాట మేడమ్. బ్యాంకువాళ్ళు ఫోన్ చేస్తే ఏమీ చెప్పకండి. ఆ దొంగలకు బ్యాంకులోనే మనుషులున్నారు."

జెర్మేన్ వేలు ఆగిపోయింది. గేటు దగ్గర 'ఆఫీసులో చెప్పకమ్మా' అన్న ప్రతి డ్రైవరు లారీలోనూ ఉండకూడనిది ఏదో ఒకటి ఉండేది.

"కెవిన్, మళ్ళీ చేస్తాను. పొయ్యి మీద అట్టు మాడుతోంది."

"మాడనీ. పాస్‌వర్డ్ కొట్టు."

మేడమ్ పోయింది. మీరు పోయింది.

"తర్వాత చేస్తానన్నానుగా."

"కొట్టవే ముసలిదానా! ఫోన్ పెట్టావంటే నీ ఫైళ్ళన్నీ తుడిచేస్తా!"

ఆమె వైరు పీకేసింది. లాప్‌టాప్ ఆగలేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. బాణం ఇంకా పరుగులు తీస్తోంది. ఆపే బొత్తాం నొక్కిపట్టుకున్నా లాభం లేకపోయింది. ఫోనులోంచి అరుపులు. యంత్రాన్ని బోర్లా తిప్పి, బిగుసుకుపోయిన గొళ్ళేన్ని వెన్న రాసుకునే కత్తితో పెళ్ళగించి బ్యాటరీ ఊడదీసింది. అది నేల మీద పడి బల్ల కిందికి జారిపోయింది.

ఇల్లంతా మాడు వాసన. పొయ్యి ఆర్పి, సింకు పట్టుకుని కాసేపు నిలబడింది. ఫోన్ మోగుతూనే ఉంది, అదే నంబరు. అది ఆగిన సందు చూసి, కార్డు వెనకున్న నంబరుకు చేసి బ్యాంకు ఖాతా స్తంభింపజేయించింది. బ్యాటరీ మళ్ళీ పెట్టి చూస్తే లాప్‌టాప్ తను ఎన్నడూ పెట్టని పాస్‌వర్డ్ ఒకటి అడిగింది. తొమ్మిదిన్నర దాటింది.

ఇక ఒక్క మనిషే మిగిలాడు. అర్మాండ్, ఆమె పెదనాన్న కొడుకు. మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి ఆమెతోపాటే రోడ్డున పడ్డాడు. జనం పారేసిన కంప్యూటర్లు పోగుచేసి, చర్చి నేలమాళిగలో బాగుచేసి, వాటిలో ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి పని వెతుక్కునేవాళ్ళకు ఇస్తుంటాడు. క్రిస్మస్ విందులో అతను దాని గురించి ఉత్సాహంగా చెబుతుంటే జెర్మేన్ అందరి ముందూ అడ్డు తగిలింది: "ఉద్యోగం పోయింది సరే, ముష్టి సాఫ్ట్‌వేర్ కూడా ఎత్తుకోవాలా?" అర్మాండ్ కంచం పక్కకు నెట్టి లేచి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు.

రెండు మోతలకే ఫోన్ ఎత్తాడు.

"అర్మాండ్, నేను. నన్ను ఒకడు మోసం చేశాడు. పదకొండింటికి పరీక్ష ఉంది."

"బ్యాంకుకి చెప్పావా?"

"చెప్పాను."

"లాప్‌టాప్ పట్టుకుని రా. కొండ దారిన రాకు, మంచు గడ్డకట్టి గాజులా ఉంది. నది పక్కనుంచి రా."

నది పక్క దారీ అంత బాగా ఏమీ లేదు. వంతెన దగ్గర కారు పక్కకు జారి రెయిలింగుకు జానెడు దూరంలో ఆగింది. సీటు మీద పడేసిన ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. జెర్మేన్ దాన్ని చూడకుండా కారును నెమ్మదిగా వెనక్కి తీసి ముందుకు నడిపింది.

నేలమాళిగలో వేడి అంతంతమాత్రం. అర్మాండ్ కోటుతోనే ఉన్నాడు. ఆమె మొహం చూసి పాత సంగతేదీ ఎత్తలేదు. లాప్‌టాప్ తీసుకుని పక్కన పెట్టాడు.

"దీని సంగతి తర్వాత. నువ్విక్కడ కూర్చో," అంటూ ఒక నల్లటి కంప్యూటరు ముందుకు కుర్చీ లాగాడు. తెర మీద ఆమెకు తెలియని బొమ్మలు, తెలియని రంగులు.

"ఇదేమిటి?"

"నీ భాషలో ముష్టిది."

ఆమె కూర్చుంది. ఈమెయిలు పేజీ తెరుచుకుంది. పరీక్ష లింకు అందులో ఉంది. పాస్‌వర్డ్ గడి దగ్గర చిన్న గీత ఆరుతూ వెలుగుతోంది. జెర్మేన్ చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

"ఏమైంది?"

"పొద్దున వాడూ ఊరికే సాయం చేస్తానన్నాడు అర్మాండ్. ఇది ఎవరు చేశారో, ఎందుకిస్తున్నారో నాకేం తెలుసు? ఇందులో నేను పాస్‌వర్డ్ కొట్టాలా?"

అర్మాండ్‌కి చివుక్కుమన్నట్టుంది. అయినా నెమ్మదిగా అన్నాడు: "చేసినవాళ్ళు లోపలిదంతా బయటపెట్టారు. ఎవరైనా విప్పి చూడొచ్చు. నాకు అందులో పావు వంతు కూడా అర్థం కాదు, అబద్ధమెందుకు? కానీ అర్థమయ్యేవాళ్ళు వేలమంది చూస్తుంటారు. వాడు నీతో ఎవరికీ చెప్పకన్నాడా లేదా?"

"అన్నాడు."

"నేను చెప్పమంటున్నాను. ఎవర్నైనా అడుగు. ఇప్పుడే ఫోన్ చేసి అడుగు."

"అడిగే టైమేదిరా?"

"అయితే నా మొహం చూసి కొట్టు. నేను తలుపు దగ్గరుంటా." వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

ఆ వీపునే చూస్తూ కూర్చుంది. కోటు భుజం దగ్గర కుట్టు ఊడి ఉంది. జెర్మేన్ పాస్‌వర్డ్ కొట్టింది.

పదకొండు కొట్టేసరికి పరీక్ష పేజీ తెరుచుకుంది. మొదట శబ్దం సరిచూసుకోమంది. నొక్కింది. హెడ్‌ఫోన్స్‌లో చీమ చిటుక్కుమనలేదు.

"ఏమీ వినపడటంలేదు."

అర్మాండ్ పరుగెత్తుకొచ్చాడు. తీగ మార్చాడు, హెడ్‌ఫోన్స్ మార్చాడు, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. నిశ్శబ్దం. పదకొండూ పావయింది. అంత చలిలోనూ అతని నుదుటి మీద చెమట.

"దీనికి ఒక్కోసారి శబ్దం దగ్గర తిక్క..."

"ఇప్పుడా చెప్పేది?"

"ఉండవే తల్లీ, చంపకు!" తన ఫోనులో గబగబా వెతికాడు. ఇదే రకం కంప్యూటరు, ఇదే బాధ పడిన ఎవరో మనిషి, తను ఎలా సరిచేసుకున్నాడో రాసిపెట్టాడు. దేశమేదో తెలియదు, పేరు కూడా అసలు పేరులా లేదు. అతను ఇచ్చిన ఆదేశాన్ని అర్మాండ్ అక్షరం అక్షరం చదువుతూ కంప్యూటరులో కొట్టాడు. తప్పుపోయింది. మళ్ళీ కొట్టాడు. జెర్మేన్ పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా ఒక ఆడగొంతు వినబడింది. "శబ్దం సరిగా ఉంటే ముందుకు వెళ్ళండి."

ఆమె కూలబడ్డట్టు కూర్చుని హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. పదకొండున్నర. ఒక తండ్రి గొంతు: బిడ్డ ఊపిరి తీసుకోవడంలేదు, వీధి పేరు గుర్తురావడంలేదు. అది నటన అని తెలిసినా జెర్మేన్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ తర్వాత వేళ్ళు వాటంతటవే కదిలాయి. లారీలు వరసగా గేటు ముందు ఆగినప్పటిలా ఒకదాని తర్వాత ఒకటి. ఆఖరి రెండు ఫోన్ కాల్స్ మిగిలుండగానే పేజీ మూసుకుపోయింది.

"అయిపోయింది," అంది హెడ్‌ఫోన్స్ తీస్తూ. "పూర్తి కాలేదు."

అర్మాండ్ కాఫీ తెచ్చిచ్చాడు. అప్పుడు ఏడ్చింది. క్రిస్మస్ నాటి మాటకు క్షమించమని అడిగింది. "అది నిజంగానే చాలా నొప్పెట్టింది జెర్మేన్," అన్నాడతను. అంతకుమించి పెంచలేదు. సాయంత్రం వరకూ కూర్చుని ఆమె లాప్‌టాప్‌లోంచి భర్త ఫొటోలూ మిగతా కాగితాలూ బయటికి తీసి, దాన్ని మొత్తం తుడిచి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాడు.

ఏప్రిల్‌లో కేంద్రంనుంచి థెల్మా హాస్కెల్ అనే పర్యవేక్షకురాలు ఇంటర్వ్యూకి పిలిచింది. పొట్టి జుట్టు, నవ్వని మొహం.

"చివరి రెండూ ఎందుకు వదిలేశారు?"

కంప్యూటరు మొరాయించిందని చెప్పి ఊరుకోవచ్చు. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చింది. కానీ ఆవిడ ఎదుట కూర్చున్నాక ఎర్ర తెరనుంచి హెడ్‌ఫోన్స్ వరకూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆవిడ మధ్యలో ఆపలేదు.

"అలా మోసపోయినవాళ్ళు మాకు ఫోన్ చేస్తుంటారు," అంది చివరికి. "సిగ్గుపడి సగంలో పెట్టేస్తారు. మీరైతే ఏం చెబుతారు?"

"ముందు దాన్ని ఆపెయ్యమంటాను. తర్వాత నాకూ జరిగిందని చెబుతాను."

"రెండోది మా రూల్స్‌లో లేదు," అంది థెల్మా. మొహంలో మార్పు లేదు.

ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్ళింది. జెర్మేన్ రెండు రోజులు వంటింటి దీపం కూడా వేసుకోలేదు. మే చివర్లో మళ్ళీ ఫోన్ వచ్చింది: తీసుకున్నవాడు ఆ ఏడుపులు వినలేక మానేశాడు, వస్తారా? జూన్‌లో చేరింది. మొదటి వారం ఇంటికొచ్చి చెప్పులతోనే మంచమెక్కి నిద్రపోయేది.

అర్మాండ్‌కి పని ఇంకా దొరకలేదు. ఆదివారం ఆమె ఇంటికి చిక్కుడు గింజల కూర తినడానికి వచ్చినప్పుడు, బడిలో మరమ్మతుల ఉద్యోగానికి దరఖాస్తు పెడదామని ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. వివరాలన్నీ ఎక్కించాక ఆ వెబ్‌సైటు మళ్ళీ అవే వివరాలు మొదటినుంచీ కొట్టమంది.

"ఇది కూడా మన సాఫ్ట్‌వేర్ పుణ్యమేనా?" అంది జెర్మేన్.

"కాదు. ఇది వాళ్ళు డబ్బుపోసి కొనుక్కున్నది," అన్నాడు అర్మాండ్.

ఆమె గరిటె పక్కన పెట్టి, లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "నువ్వు చెప్పు, నేను కొడతా. పుట్టిన ఊరు?"

"నీకు తెలీదా ఏమిటే?"

"రూల్స్ ప్రకారం అడగాలి. చెప్పండి సార్."